పూతమందు చేసిన గాయం, సూదిమందు రేపిన భయం: చంకల్లో అతిచెమటపై ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఏప్రిల్ నెలాఖరున చెమట ఎక్కువగా పడుతోందంటూ ఎవరైనా వస్తే, ఈ ఊళ్లో చెమట పట్టనిది ఎవరికని ముందుగా అనిపిస్తుంది. సముద్రపు తేమ వల్ల ఇక్కడ ఎండ కంటే ఉక్కపోతే మనిషిని ఎక్కువగా బాధిస్తుంది. సిటీ బస్సులో నిలబడ్డ ప్రతివారి వీపూ తడిసే ఉంటుంది. ఆ తేలికభావంతోనే ఈ రోగుల మాట చాలాచోట్ల సగంలోనే ఆగిపోతుంది. ఈ కేసులోని అమ్మాయి మాటను నేను పూర్తిగానే విన్నాను కాని, నేను చెప్పవలసిన మాటను పూర్తిగా చెప్పలేదు. ఆ లోపం వల్ల ఆమెకు జరిగిన గాయాన్ని, ఆ తర్వాత సూదిమందు విషయంలో తీసుకున్న జాగ్రత్తలను ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి ఆమె అనుమతి ఇచ్చారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను.

ఆమెకు 26 ఏళ్లు. ఇల్లు గాజువాక వైపు, ఉద్యోగం ద్వారకానగర్‌లోని ఒక నగల దుకాణంలో. కౌంటరు వెనక నిలబడి, పై అరలోని ట్రేలను చేయెత్తి దించి, కొనుగోలుదారుల మెడ దగ్గర హారం పట్టి చూపించడం ఆమె పని. దుకాణమంతా ఏసీ ఉన్నా పదకొండు గంటలు కాకముందే యూనిఫాం జాకెట్టు చంకల దగ్గర అరచేతి మేర తడిసిపోయేది. బ్యాగులో రోజూ రెండో జాకెట్టు పెట్టుకుని వెళ్లేవారు. చేయెత్తవలసి వస్తే మోచేతిని ఒంటికి అదిమిపెట్టి మణికట్టు వరకే కదిలించడం అలవాటు చేసుకున్నారు. గదిలోకి వచ్చి కూర్చున్నప్పుడు కూడా అలాగే కూర్చున్నారు. జూన్ 14న ఆమెకు నిశ్చితార్థం. పట్టుచీర మీదికి కుట్టించిన జాకెట్టు ఆ రోజు తడవకూడదన్నదే తల్లీకూతుళ్ల కోరిక.

మొదట తేల్చవలసింది ఇది చెమట జబ్బా, మరో జబ్బుకు చెమట గుర్తా అన్నది. ఆమెకు ఈ ఇబ్బంది పదో తరగతిలో మొదలైంది. రెండు చంకల్లోనూ ఒకేలా ఉంటుంది, నిద్రలో ఆగిపోతుంది, మేనత్తకూ ఉంది. స్పష్టమైన కారణం లేకుండా ఆరు నెలలకు పైగా కొనసాగడం, రెండు వైపులా సమానంగా ఉండడం, వారానికి కనీసం ఒకసారి రావడం, 25 ఏళ్లలోపు మొదలవడం, కుటుంబంలో మరొకరికి ఉండడం, నిద్రలో లేకపోవడం, రోజువారీ పనులకు అడ్డుపడడం అన్నవి, మరో జబ్బు వల్ల కాకుండా దానంతటదే వచ్చే అతిచెమటను, అంటే ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్‌ను గుర్తించే లక్షణాలు. తీవ్రతను కొలిచే నాలుగు మెట్ల ప్రశ్నలో ఆమె ఎంచుకున్నది నాలుగోది, అంటే చెమట భరించలేనిదిగా ఉండి పనులకు ఎప్పుడూ అడ్డుపడుతోందని. రాత్రి చెమటలు, జ్వరం, బరువు తగ్గడం, గుండెదడ, ఆందోళనకు వాడే మాత్రలు ఏవీ లేవు. రాత్రిపూట ఒళ్లంతా తడిసే మనిషిలో క్షయను, లింఫోమా అనే ఒక రకం క్యాన్సరును వెతకాలి. దడతో చెమటలు పట్టే మనిషిలో థైరాయిడ్‌ను చూడాలి. అలాంటివారికి చంకలో ఏ మందు వేసినా అసలు జబ్బును కప్పిపెట్టినట్టే అవుతుంది. ఈమెకు థైరాయిడ్, షుగర్ పరీక్షలు రెండూ మామూలుగానే వచ్చాయి.

ఇంట్లో అప్పటికే పటిక వాడారు. స్నానం తర్వాత పటిక ముక్కను తడిపి చంకలో రుద్దుకోమని అమ్మమ్మ చెప్పిందట. ఆ సలహాలో అర్థం ఉంది: పటిక కూడా అల్యూమినియం లవణమే, మంగలి గడ్డం గీశాక రాసేదీ అదే. అయితే ఇంత తీవ్రమైన చెమటకు దాని బలం చాలదు. అందుకే నేను 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ ద్రావణం రాశాను. ఇది చెమట నాళపు మూతి దగ్గర ప్రోటీన్లతో కలిసి గడ్డకట్టి తాత్కాలికంగా బిరడాలా నిలుస్తుంది. దశాబ్దాలుగా వాడుకలో ఉంది, ఖరీదు తక్కువ, తీవ్రమైన ప్రమాదాలు చేసేది కాదు. రొమ్ము క్యాన్సర్‌కు ఇది కారణమన్న ప్రచారం చాలా ఉంది గాని దాన్ని నిరూపించే ఆధారం లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు మాత్రం అల్యూమినియం ఉన్న పూతలు వాడేముందు డాక్టరును అడగాలి.

తొమ్మిదో రోజున తల్లి ఆమెను వెంటబెట్టుకుని వచ్చారు. చేయెత్తమంటే పూర్తిగా ఎత్తలేకపోయారు. రెండు చంకలూ కందిపోయి ఉన్నాయి. కుడి చంకలో మడత వెంట చర్మం పగిలి తడి ఊరుతోంది, రేజరు గీసిన దారుల వెంట సన్నని ఎర్రని గీతలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. అడిగితే తెలిసింది: ఆమె మందును ఉదయం స్నానం చేసి, షేవ్ చేసుకుని, చంకలు సరిగా ఆరకముందే పూసుకుని బస్సు ఎక్కేవారు. మంట పుడితే మందు పనిచేస్తోందనుకుని అయిదు రోజులు అలాగే కొనసాగించారు.

ఇందులో ఆమె తప్పు లేదు. అల్యూమినియం క్లోరైడ్ నీటితో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. చర్మం తడిగా ఉంటే, అప్పుడే షేవ్ చేసిన గాట్లు ఉంటే, ఆ ఆమ్లం నేరుగా కాలుస్తుంది. కనుక దీన్ని చెమట అతి తక్కువగా ఉండే రాత్రివేళ, పడుకోబోయే ముందు, పూర్తిగా ఆరిన చర్మం మీద పూసి ఉదయం కడిగేయాలి. షేవ్ చేశాక కనీసం ఒక రోజు ఆగాలి. ఇదంతా నాకు తెలుసు. ఆ రోజు రద్దీలో నేను నోటితో చెప్పింది "రోజుకొకసారి పూయండి" అని మాత్రమే. రాత్రి అన్న మాట చీటీ మీద ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంది, ఆరిన చర్మం అన్న మాట ఎక్కడా లేదు. ఈ విషయం తల్లీకూతుళ్లకు అప్పుడే చెప్పాను. మందు ఆపి, తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ క్రీమును కొద్దిరోజులు, తర్వాత మామూలు మాయిశ్చరైజరును ఇచ్చాను. చర్మం పూర్తిగా కుదురుకోవడానికి రెండున్నర వారాలు పట్టింది.

ఈ లోపల మే మూడో వారం వచ్చేసింది. ఆ పూతమందును ఆమె మళ్లీ ముట్టనన్నారు. నిశ్చితార్థానికి నాలుగు వారాలు కూడా లేవు. బోటాక్స్ పేరుతో జనానికి తెలిసిన బోటులినం టాక్సిన్ ఇంజెక్షను గురించి మాట్లాడవలసి వచ్చింది.

తల్లి భయం సూటిగానే బయటపడింది. "ఏటి డాక్టరమ్మా, ఇది విషమట గదా? పెళ్లి కావలసిన పిల్ల, రేపు పిల్లల మీద ఏటైనా పడితే?" అన్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేసే డాక్టరు దగ్గర ఆ మందు వేయించుకోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే అది నిజంగానే విషం. నిల్వ ఆహారం పాడైనప్పుడు బోటులిజం అనే పక్షవాతాన్ని తెచ్చే సూక్ష్మజీవి తయారుచేసేదే అది. నాడి చివరల నుంచి ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం విడుదల కాకుండా అడ్డుకుంటుంది. చెమట గ్రంథికి ఆజ్ఞ వెళ్లేదీ ఆ రసాయనం ద్వారానే. అతి కొద్ది మోతాదును చర్మం లోపలి పొరలోనే ఉంచితే అక్కడి గ్రంథులకు ఆజ్ఞ అందదు, కాబట్టి చెమట ఆగుతుంది. గ్రంథి చావదు, నాడి చివరలు కొన్ని నెలల్లో తిరిగి పనిచేయడం మొదలుపెడతాయి. పూతమందులకు లొంగని తీవ్రమైన చంకచెమటకు దీన్ని వాడడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో అనుమతి ఇచ్చింది. అదే సంస్థ 2009లో, మందు ప్రభావం ఇంజెక్షను చేసిన చోటు దాటి పాకే అవకాశం ఉందని, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమయ్యే ప్రమాదం ఉందని మందు సమాచార పత్రంలో గడి కట్టిన ప్రత్యేక హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. ఈ రెండు విషయాలనూ వారికి కలిపే చెప్పాను. చంకలో ఒక్కో వైపు వాడే బోటాక్స్ మోతాదు 50 యూనిట్లు. ఆ మోతాదుతో జరిగిన పరీక్షల్లో 3 నుంచి 10 శాతం మందికి కనిపించినవి సూది చోట నొప్పి, కొద్దిగా రక్తం రావడం, వేరే చోట చెమట పెరగడం, తలనొప్పి, జలుబు లాంటి లక్షణాలు, దురద వంటివి.

చంకలో చెమట ఆపితే ఒంట్లోని మలినాలు ఎటు పోతాయన్నది తల్లి రెండో ప్రశ్న. ఒంట్లో ఇరవై లక్షల పైచిలుకు చెమట గ్రంథులున్నాయి, చంకలవి అందులో చాలా చిన్న భాగం. చెమట పని ఒంటిని చల్లబరచడం, మలినాలను బయటికి పంపేది ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలు. ఈ జవాబుతో ఆమె తృప్తిపడ్డారు.

ఎవరికి ఈ సూది వేయకూడదో తేల్చడానికి నేను తీసుకునే సమయం, సూది వేయడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయా, అన్నం నములుతుంటే దవడ అలసిపోతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మెట్లెక్కుతుంటే తొడలు సహకరించడం లేదా అని అడుగుతాను. మయస్తీనియా గ్రావిస్ వంటి నాడీకండర జబ్బు లోపల దాగి ఉంటే, మామూలు మనిషికి ఏమీ చేయని మోతాదు కూడా ఆ మనిషికి ప్రమాదమవుతుంది. జెంటామైసిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఈమధ్య తీసుకున్నారా అని అడుగుతాను, అవి ఈ విషం ప్రభావాన్ని పెంచుతాయి. చంకలో కురుపుగానీ చీముగానీ ఉంటే వాయిదా వేస్తాను. ఆ తర్వాత తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, నెలసరి ఎప్పుడు వచ్చిందో, గర్భం వచ్చే అవకాశం ఉందేమో ఆమెను ఒంటరిగా అడిగాను. పెళ్లి కాని అమ్మాయిని ఆ ప్రశ్న అడగడం మన ఊళ్లలో మొహమాటమే, తల్లి ఎదుట అడిగితే నిజమైన జవాబు రాదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ మందు సురక్షితమని చెప్పడానికి చాలినంత సమాచారం లేదు కనుక ఆ ప్రశ్న వదిలేయడానికి వీల్లేదు.

ఆ ఏకాంతంలోనే ఆమె ఫోను తీసి ఒక ప్రకటన చూపించారు. సగం ధరకే, గంటలో పని అయిపోతుందని ఒక బ్యూటీ సెంటరు ఇచ్చిన ఆఫరు అది. మందు పేరు లేదు, ఎన్ని యూనిట్లో లేదు, వేసేది డాక్టరో కాదో లేదు. ఒక కంపెనీ టాక్సిన్ యూనిట్లు మరో కంపెనీ యూనిట్లకు సమానం కావన్నది ఈ చికిత్సలో మొదటి పాఠం. పేరు తెలియకుండా మోతాదు తెలియదు. నకిలీ బోటాక్స్ వల్ల జనం ఆసుపత్రుల పాలయ్యారని 2024లో అమెరికా ప్రభుత్వమే హెచ్చరించింది. ఎక్కడ వేయించుకున్నా సరే, సీసా మీద పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మీ కళ్లెదుట చూపించమని అడగండి, ఆ స్టిక్కరు మీ కాగితం మీద అంటించమని అడగండి అని చెప్పాను.

ఇంజెక్షనుకు మే 23న రమ్మన్నాను. ఒక రోజు ముందు నుంచి డియోడరెంటు వాడవద్దని, షేవింగు ముందు రోజే చేసుకోవాలని, వచ్చే అరగంట ముందు నుంచి వేడి కాఫీ, టీ తాగవద్దని ఈసారి తెలుగులో రాసి ఇచ్చాను. ముందు, చెమట ఎక్కడెక్కడ పడుతోందో చూపించే అయోడిన్, గంజిపొడి పరీక్ష చేయాలి. అయోడిన్ పడదా అని అడిగి, చంకలు తుడిచి, అయోడిన్ పూసి ఆరనిచ్చి, పైన మొక్కజొన్న గంజిపొడి పల్చగా చల్లి, గదిలో ఏసీ ఆపేశాను. మూడో నిమిషంలో ఆవగింజలంత నల్లని చుక్కలు లేచాయి; చూస్తుండగానే ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి సిరా ఒలికినట్టు ముదురు నీలం మరకలయ్యాయి. కుడివైపు మరక రోమాలున్న మేరకే ఆగింది. ఎడమవైపు మాత్రం ఆ హద్దు దాటి వెనక్కి, భుజం వైపు రెండు వేళ్ల వెడల్పున పాకింది. కంటితో చూసి అంచనా వేసి ఉంటే ఆ భాగం తప్పిపోయేది. రెండు వైపులా ఫోటో తీసి, మరక అంచు వెంట పెన్నుతో గీత గీశాను.

ఆ తర్వాత సీసా తీశాను. టాక్సిన్ సీసాలో కంటికి కనిపించీ కనిపించని పొడి అడుగున అంటుకుని ఉంటుంది, లోపల గాలి లేకుండా సీలు వేస్తారు. ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌ను సిరంజిలోకి తీసుకుని సూదిని రబ్బరు మూతలో గుచ్చితే, మనం పిస్టన్‌ను నెట్టకుండానే సీసా దాన్ని లోపలికి లాగేసుకోవాలి. ఆ రోజు లాగలేదు. సూది లోపల ఉంది, పిస్టన్ కదలలేదు. పెట్టె సరైనదే, బ్యాచ్ నంబరు సరైనదే, ఫ్రిజ్ ఉష్ణోగ్రత పుస్తకంలో 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉంది. అయినా లోపలి శూన్యం పోయిందంటే సీలు ఎక్కడో చెడింది, మందు బలం మీద గాని శుభ్రత మీద గాని భరోసా లేదు; అలాంటి సీసాను పారేయాలన్నది నియమం. చంకలకు గీతలు గీయించుకుని చేతులు పైకెత్తి కూర్చున్న మనిషికి, ఈ రోజు కాదు, ఇంటికి వెళ్లండి అని చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి మాత్రం, "అనుమానమున్నది ఎయ్యకండమ్మా" అన్నారు. అప్పటివరకూ ఆ మందును నమ్మనిది ఆమే.

కొత్త సీసాతో మే 27న ఇంజెక్షను జరిగింది. ఈసారి సెలైన్ సిరంజిలోంచి దానంతటదే సీసాలోకి జారింది. వంద యూనిట్ల సీసాను 4 మిల్లీలీటర్లలో కలిపి, ఒక్కో చంకకు 2 మిల్లీలీటర్లు, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడంతో 15 చోట్ల, సన్నని సూదిని వాలుగా పెట్టి చర్మం లోపలే ఉండేలా రెండు మిల్లీమీటర్ల లోతున ఇచ్చాను. సూది పడ్డచోట బుడిపెలా చిన్నగా ఉబ్బితే మందు ఉండవలసిన పొరలో ఉందని అర్థం. పెన్నుతో పెట్టిన చుక్క మీదుగా సూది గుచ్చకూడదు. సిరా చర్మంలోకి పోయి పచ్చబొట్టులా మిగిలిపోతుంది. నొప్పికి ముందుగా ఐసు పెట్టాను. అరగంట కూర్చోబెట్టి పంపేటప్పుడు, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, రెప్పలు వాలినా, ఊపిరి అందకపోయినా వేళ చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలని, ఈ సూది వేయించుకున్నట్టు అక్కడ చెప్పాలని రాసి, సీసా స్టిక్కరు అంటించిన కాగితం చేతికిచ్చాను. ఈ లక్షణాలు కొన్ని గంటల్లో రావచ్చు, కొన్ని వారాలకూ రావచ్చు.

అవేవీ రాలేదు. నాలుగో రోజు నుంచి తడి తగ్గింది. జూన్ 10న మళ్లీ పరీక్ష చేస్తే కుడి చంక తెల్లగానే ఉంది. ఎడమవైపు, వెనక్కి పాకిన ఆ భాగంలోనే, రూపాయి బిళ్లంత మరక లేచింది. ఇంజెక్షనుకు ముందు స్పిరిటుతో శుభ్రం చేసినప్పుడు అక్కడి గీత చెరిగింది; నేను ఫోటోను పక్కన పెట్టుకోకుండా జ్ఞాపకం మీద ఆధారపడ్డాను. అప్పటి నుంచి ఫోటో తెర మీద కనిపిస్తూ ఉంటేనే సూది పట్టుకుంటున్నాను. ఆ చిన్న భాగం కోసం కొత్త సీసా తెరవడం నాకు ఇష్టం లేకపోయింది, ప్రభావం ఉండగానే మళ్లీ వేస్తే మందుకు వ్యతిరేకంగా ఒంట్లో ప్రతిరక్షకాలు పెరిగే అవకాశం ఉంది కనుక. అక్కడికి మాత్రం అల్యూమినియం క్లోరైడ్‌నే తక్కువ బలంతో, రాత్రి పడుకునే ముందు ఫ్యాను కింద ఆరాక, మూడు రోజులకొకసారి పూయమని కాగితం మీద రాసి ఇచ్చాను. భయపడుతూనే పూసుకున్నారు, ఈసారి కందలేదు. నిశ్చితార్థంలో హారతి పళ్లెం కోసం చేయెత్తానని తర్వాత ఫోనులో చెప్పారు.

ఇదంతా చూశాక ఆమె శాశ్వత చికిత్సల గురించి అడిగారు. మైక్రోవేవ్ యంత్రంతో చంకలోని గ్రంథులను వేడితో నాశనం చేసే పద్ధతికి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. ఫలితం నిలుస్తుంది, వాపు, తిమ్మిరి వారాలు ఉండవచ్చు, అరుదుగా చేతికి వెళ్లే నాడులు దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ఆమెలా సన్నగా ఉన్నవారిలో చర్మానికి, ఆ నాడులకు మధ్య కొవ్వు తక్కువ, అందుకని నేను తొందరపడవద్దన్నాను. ఛాతీలో, చెమటకు ఆజ్ఞలు పంపే సింపథెటిక్ నాడిని తెంపే శస్త్రచికిత్సను మాత్రం చంకల కోసం నేను సూచించను. ఆ తర్వాత చాలామందికి వీపు, పొట్ట, తొడల మీద చెమట పెరుగుతుంది, దాన్ని వెనక్కి తిప్పే దారి లేదు. ఈ ఉక్కపోత ఊళ్లో అది మరో జీవితకాలపు బాధ అవుతుంది. ఒళ్లంతా చెమట తగ్గించే ఆక్సిబ్యూటినిన్, గ్లైకోపైరోలేట్ మాత్రలు కొందరికి పనికొస్తాయి గాని, నోరెండడం, మలబద్ధకం, మూత్రం ఆగడం ఒకవైపు, ఎండలో ఒళ్లు చల్లబడలేక వడదెబ్బ తగలడం మరొకవైపు. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసే ఒకరు ఆ మాత్రలు అడిగితే నేను ఇవ్వలేదు.

డిసెంబరు చివరి వారంలో ఆమె మళ్లీ వచ్చారు. చెమట తిరిగి మొదలై పది రోజులైంది. పరీక్షల్లో ఈ మందు ప్రభావం నిలిచిన మధ్యస్థ కాలం 201 రోజులు, ఆమెకు కూడా దాదాపు అంతే వచ్చింది. ఆగస్టులో పెళ్లయింది, ఈసారి భర్తతో వచ్చారు, సూదికి డబ్బు కూడా తెచ్చుకున్నారు. భర్తను బయట కూర్చోమని పాత ప్రశ్నే అడిగాను. నెలసరి అయిదు రోజులు దాటిందని, ఇంకా ఎవరికీ చెప్పలేదని అన్నారు. ఆ రోజు సీసా తీయలేదు. గైనకాలజిస్టును కలిశాక వాడడానికి తక్కువ బలం పూతమందు రాశాను. రాత్రివేళ, ఆరిన చర్మం మీద, షేవ్ చేసిన రోజు కాకుండా అని రాసిన కాగితం ఇస్తుంటే ఆమె దాన్ని తీసుకోలేదు. జూన్ నెలలో ఇచ్చినది ఇంట్లో అద్దం వెనక అంటించి ఉందని చెప్పారు.